దారిని నిర్ణయించేది ఎవరు?

ఢిల్లీని ఆనుకుని ఉన్న ఘాజియాబాద్‌లో 1975లో ఒక ఉన్నతస్థాయి టెలికాం శిక్షణ కేంద్రం ఏర్పడింది. భారత ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి దానిని నెలకొల్పాయి. అలాంటి చోట్ల శిక్షణ పొందే ఇంజనీర్లు తప్పక ఎదుర్కొనే ప్రశ్న ఒకటుంది. దూరదూరంగా ఉన్న కార్యాలయాల మధ్య సమాచారం ఏ దారిన వెళ్ళాలి? దానిని ఎవరు నిర్ణయించాలి? ఈ పాఠంలో ఆ చరిత్రను తెలుసుకుందాం.

ఒక సంస్థకు ఘాజియాబాద్‌లో కర్మాగారం, హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం, విజయవాడలో గిడ్డంగి ఉన్నాయనుకుందాం. ఈ మూడుచోట్ల కంప్యూటర్లను కలిపేదే విస్తృత ప్రాంత నెట్‌వర్కు. మొదట్లో ఇందుకు టెలిఫోన్ శాఖ నుంచి లీజు లైన్లు తీసుకునేవారు. అద్దె ఎక్కువ. పైగా లైను తెగితే పని ఆగిపోయేది.

1999లో హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధనా సంస్థ ఐ.డి.ఆర్.బి.టి. ద్వారా బ్యాంకులకోసం ‘ఇన్ఫినెట్’ ప్రారంభమైంది. తొలుత అది ఉపగ్రహంపై ఆధారపడింది. మారుమూల శాఖకూ సంబంధం కుదిరింది. అయితే సంకేతం సుమారు 36,000 కిలోమీటర్లు పైకి వెళ్ళి దిగిరావాలి కనుక దాదాపు పావు సెకను ఆలస్యం తప్పదు.

2001లో ఎం.పి.ఎల్.ఎస్. పద్ధతికి ప్రమాణం వెలువడింది. సమాచారపు పొట్లానికి చీటీ అంటించి, ఆ చీటీని బట్టి దారి చూపడమే ఇందులోని కీలకం. ఇది నమ్మకమైనదే కాని ఖరీదైనది. ఏ మార్పు కావాలన్నా సాధారణంగా ఒక్కొక్క రూటరును విడివిడిగా సరిచేయవలసి వచ్చేది.

2008లో వెలువడిన ‘ఓపెన్‌ఫ్లో’ పరిశోధన పత్రం కొత్త ఆలోచనకు ఊతమిచ్చింది. సమాచారాన్ని మోసే పని వేరు, దారిని నిర్ణయించే పని వేరు. రైల్వే కంట్రోల్ రూమ్ మార్గమంతటినీ చూస్తూ బండ్లను నడిపించినట్లే, ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ నెట్‌వర్కునంతటినీ చూస్తుంది. గూగుల్ ఈ పద్ధతిని తన డేటా కేంద్రాల మధ్య అమలుచేసి 2013లో వివరాలు ప్రకటించింది. మామూలుగా 30–40 శాతం మాత్రమే వాడకంలో ఉండే లైన్లను, అనేకచోట్ల దాదాపు 100 శాతం వాడగలిగామని తెలిపింది.

వ్యాపార సంస్థలలో ఇదే ఆలోచన ‘ఎస్.డి.వాన్’ అయింది. మన ఘాజియాబాద్ కర్మాగారంలో ఒక పరికరం ఉంటుంది. దానికి ఎం.పి.ఎల్.ఎస్., బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ లైన్లు మూడూ కలుపుతారు. ఏ లైనులో ఎంత ఆలస్యం, ఎన్ని పొట్లాలు పోతున్నాయన్నది అది ఎడతెగక కొలుస్తుంది. ఫోను సంభాషణను మంచి లైనులో, పెద్ద ఫైళ్ళను చౌక లైనులో పంపుతుంది. ఒకటి తెగితే మరొకదానికి మళ్ళిస్తుంది. బహిరంగ ఇంటర్నెట్‌లో వెళ్ళే సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మారుస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. నిర్ణయం ఒకేచోట జరిగితే పొరపాటు కూడా ఒకేసారి అన్ని శాఖలకూ పాకుతుంది. రెండు కంపెనీల లైన్లు ఒకే కందకంలో ఉంటే ఒక్క గునపం పోటుకు రెండూ తెగుతాయి. సాఫ్ట్‌వేర్ ఉన్న దారులలో మంచిదానిని ఎంచగలదు. లేని దారిని సృష్టించలేదు. మీ కళాశాలకు వచ్చే లైన్లు ఎన్ని, అవి ఏ దారిన వస్తున్నాయి? కనుక్కొని చూడండి.