మాతృకయు పుత్రికయు: కడప సీమలో ప్రతులు నిలిచిన తీరు

వ్రాతప్రతులను పరిశోధించువారు మూలగ్రంథమును మాతృక యనియు, దానిని చూచి వ్రాసికొన్న ప్రతిని పుత్రిక యనియు వ్యవహరింతురు. తల్లి గతించినను బిడ్డ వంశము నిలుపునన్న ఆశ ఈ మాటలలో ఇమిడియున్నది. కాని బిడ్డ పుట్టినంత మాత్రమున వంశము నిలువదు, పెంపకము కావలెను. నేడు మన యిండ్లలోని దస్తావేజులు, పెండ్లి ఛాయాచిత్రములు, అంగళ్లలోని జమాఖర్చులు కంప్యూటరులోనికి చేరినవి. కంప్యూటరులో నున్నదంతయు వేరొక బాహ్య డిస్కునకు ఎక్కించుటను పూర్తి బ్యాకప్ అనుచున్నాము. ఆ పని నడుమ ఏల ఆగిపోవును? ముగిసినదనుకొన్నది అక్కరకు ఏల రాదు? ఇవి క్రొత్త ప్రశ్నలుగా తోచును. కాని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమల గ్రామచరిత్రలు ఇటువంటి చిక్కులనే రెండు వందల యేండ్ల క్రిందట ఎదుర్కొన్నవి. ముందుగా ఆ కథను చెప్పుకొని, దాని వెలుగులో నేటి చిక్కులను పరిశీలింతము.

పూర్వము గ్రామలెక్కలు కరణముల చేతిలో నుండెడివి. భూముల హద్దులు, మాన్యములు, దేవాలయ వృత్తులు, ఊరు కట్టినవారి పేరులు తాటాకులపై గంటముతో వ్రాసి కవిలెలుగా కట్టెడివారు. గ్రామవృత్తాంతము తెలుపు కవిలెకు దండకవిలె యని పేరు. తాటాకు చిరంజీవి కాదు. పురుగు తొలుచును, అంచులు పెళుసై విరుగును, తేమ తగిలిన ఆకులు ఒకదాని నొకటి అంటుకొనును. కావున పాత ఆకు శిథిలము కాకమునుపే క్రొత్త ఆకుపైకి ఎత్తి వ్రాయవలసి యుండెను. ఎంత శ్రద్ధతో వ్రాసినను ఆ కవిలె సాధారణముగా కరణము ఇంటనే యుండెడిది. ఒక్క అగ్నిప్రమాదము చాలును, ఊరి జ్ఞాపకమంతయు ఒక్క రాత్రిలో పోవుటకు.

1800లో నైజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. ఆ కాలమున కాలిన్ మెకంజీ యను సైనికోద్యోగి దక్షిణదేశమున భూమి కొలతలు సాగించుచుండెను. స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున జన్మించి 1783లో ఇండియాకు వచ్చిన ఈతడు, 1815లో ఇండియా సర్వేయరు జనరలు పదవి నందెను. కొలగొలుసుతో భూమిని కొలిచినట్లే ఊళ్ల వృత్తాంతములను కూడ సేకరింపవలెనని ఆతని సంకల్పము. అందుకు కుడిభుజమైనవారు ఏలూరి వాస్తవ్యులైన కావలి సోదరులు. పెద్దవాడగు బొర్రయ్య 1803లో అకాలమరణము పాలుకాగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. వారి గుమాస్తాలు ఊరూర దిగి, కరణముల దండకవిలెలు చూచి, శాసనములు చదివి, వృద్ధుల నడిగి కాగితములపై వ్రాసిన వృత్తాంతములే కైఫియత్తులు. కడప జిల్లాలోని పెక్కు గ్రామముల చరిత్రలు ఇట్లు తాటాకు నుండి కాగితమునకు ఎక్కినవి.

మెకంజీ 1821లో కలకత్తా సమీపమున మరణించెను. ఆతని భార్య నుండి కంపెనీవారు ఆ భాండారమును లక్ష రూపాయలకు కొనిరి. విల్సన్ పండితుడు దానికొక వివరణ పట్టిక తయారుచేసి 1828లో అచ్చు వేయించెను. పిమ్మట కొంత భాగము లండనుకు పోయెను. దక్షిణదేశ భాషలలోని భాగము మదరాసు చేరెను. భాండారము విడిపోయినదని విచారించువారు కలరు. అదే కాలమున జరిగిన మరియొక సంగతిని చూచిన, ఒక్కచోట నుండుటలోని అపాయము తెలియగలదు. 1811లో జావా దండయాత్రయందు మెకంజీతో పాల్గొన్న స్టాంఫర్డ్ రాఫిల్స్, సుమత్రాదీవిలో తాను కూర్చిన వ్రాతప్రతులను, పటములను, ప్రకృతిశాస్త్ర చిత్రములను ఫేమ్ అను నౌకలో వేసికొని 1824 ఫిబ్రవరి 2వ తేదీన ఇంగ్లండుకు బయలుదేరెను. ఆ రాత్రియే నౌక తగులబడెను. మనుషులు పడవలలో బ్రతికి బయటపడిరి. సేకరించిన సామగ్రి బూడిద యయ్యెను. ఎన్నో యేండ్ల శ్రమ ఒక్క ఓడకు అప్పగించిన ఫలమిది.

మెకంజీ భాండారమునకు అగ్నిభయము తప్పినను, మరియొక భయము నెమ్మదిగా సమీపించెను. కాగితము చివికెను, సిరా వెలిసెను, పురుగు పట్టెను. ఓలలో నున్నదనుకొన్న ప్రతి ఓలలోనే చచ్చుచుండెను. 1830ల చివర విలియం టైలరు అను పాదిరి ఆ కాగితములను పరిశీలించి, నశించుచున్నవాటికి మరల ప్రతులు వ్రాయించెను. తెలుగు కైఫియత్తులకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను తన పర్యవేక్షణలో ప్రతులు తీయించెను. ఆ సంపుటములకే లోకల్ రికార్డులని పేరు. మదరాసు ప్రాచ్యలిఖిత భాండారమున అవి నిలిచియుండుట చేతనే పండితులకు ఈ సీమ చరిత్ర అందినది.

బ్రౌను మన కడపకు పరాయివాడు కాడు. 1820లో కడప కలెక్టరునకు సహాయకుడుగా వచ్చెను. మరల 1826లో వచ్చి, బంగళా కొని, సొంత ధనముతో పండితులను, లేఖకులను పోషించెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డి ఆ కార్యశాలను నడిపించెను. జూలూరి అప్పయ్య వంటి పండితులు బ్రౌనుకు తోడ్పడిరి. ఒక కావ్యమునకు ఒక్క ప్రతి దొరికిన తృప్తిపడక, పలుచోట్ల నుండి పలు ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూచి, శుద్ధప్రతి వ్రాయించుట ఆయన పద్ధతి. ప్రతి తీయుట సగము పని, సరిచూచుట తక్కిన సగమని ఆ కార్యశాల తెలిసికొన్నది.

సరిచూడవలసిన యగత్యము గండికోట కైఫియత్తు వలన స్పష్టమగును. కల్యాణి చాళుక్యుడైన ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడు కాకరాజు కోటకు మూలపురుషుడని దాని కథనము. కాలము 1123వ సంవత్సరమని దానినిబట్టి చెప్పుదురు. కాని ఆహవమల్లుడు 1068లోనే గతించెను. కాలమో, పేరో, ఎక్కడనో పొరపడినది. ఎన్ని ప్రతులు తీసినను ఆ తప్పు తప్పుగానే సాగివచ్చినది. ప్రతికి మంచిచెడ్డల వివేచన లేదు. మూలములో నున్నదానిని నమ్మకముగా మోయును.

ఇప్పుడు మన కంప్యూటరు కడకు వత్తము. పూర్తి బ్యాకప్ ఆగిపోయినపుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి: ఆగిన చోటు ప్రతిసారి ఒకటేనా, మారుచున్నదా? మారుచున్నచో తరచుగా దోషము తీగలోనో, విద్యుత్తులోనో యుండును. వదులైన యూఎస్‌బీ తీగను మార్చవలెను. నడుమ పలుమొనల పెట్టె నుంచక డిస్కును నేరుగా కంప్యూటరునకు తగిలింపవలెను. పని ముగియువరకు కంప్యూటరు నిద్రావస్థకు పోకుండ అమర్పవలెను. కరెంటు పోవు వేళలలో పూర్తి బ్యాకప్ మొదలుపెట్టుట, గాలివానలో కవిలె విప్పుట వంటిది.

ప్రతిసారి ఒక్కచోటనే ఆగుచున్నచో, ఏదో ఒక డిస్కు ఉపరితలమున చెడిన భాగ ముండవచ్చును. లేఖకుడు చిరిగిన ఆకు వద్ద నిలిచిపోయినట్లు యంత్రము అచ్చట చదువలేక నిలుచును. అపుడు డిస్కును బాగుచేయు పనికి వెంటనే పూనుకొనరాదు. ఆ పని దుర్బలమైన డిస్కునకు మరింత శ్రమ కలిగించును. ముందు మిక్కిలి విలువగలవాటిని, అనగా దస్తావేజులు, లెక్కలు, ఛాయాచిత్రములను విడిగా మరియొక డిస్కునకు ఎత్తుకొని, ఆ పిదప డిస్కు పరీక్ష జరుపవలెను.

మూడవ చిక్కు చోటునకు సంబంధించినది. బాహ్య డిస్కులో ఖాళీ చాలకపోవచ్చును. ఖాళీ యున్నను చాలదని యంత్రము మొరాయించుటయు కలదు. ఆ డిస్కు ఫ్యాట్ 32 అను పాత పద్ధతిలో సిద్ధపరచినదైన, 4 గిగాబైట్లను మించిన ఒక్క ఫైలును అది పట్టదు. పూర్తి బ్యాకప్ తరచుగా అంతకు మించిన పెద్ద ఫైలుగా నుండును. విండోస్ వాడువారు అట్టి డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతికి మార్చి సిద్ధపరచుకొనవలెను. అట్లు చేయునపుడు అందున్నదంతయు చెరిగిపోవును గనుక దానిని ముందే వేరొకచోటికి తరలింపవలెను.

నాలుగవది మరికొంత సూక్ష్మము. మనము పని చేయుచుండగా ఫైళ్లు మారుచునే యుండును. కరణము ఒకవైపు పద్దులు వ్రాయుచుండగా లేఖకుడు మరొకవైపు ప్రతి తీసిన, మొదటి ఆకు నిన్నటిది, చివరి ఆకు నేటిది యగును. అందుకే విండోస్, షాడో కాపీ అను సేవ ద్వారా ఒక్క క్షణమున నున్న స్థితిని పట్టి, దానినుండి ప్రతి తీయును. ఈ సేవ విఫలమైన బ్యాకప్ ఆగును. కంప్యూటరును మరల ప్రారంభించి, బ్యాకప్ తీయు ఇతర కార్యక్రమములను నిలిపి, మూల డిస్కులో కొంత ఖాళీ కల్పించినచో పెక్కుసారులు పని సాగును.

ఇక ముగిసిన బ్యాకప్ సంగతి. విజయవంతముగా ముగిసినదని తెరపై కనబడిన అక్షరములను నమ్మి బీరువాలో పెట్టిన డిస్కు, మదరాసులో చివికిన కాగితము వంటిదే. మూడునెలల కొకసారి దానినుండి ఒకటి రెండు ఫైళ్లను వేరొక స్థలమునకు తిరిగి తెచ్చి, తెరచి చూడవలెను. కంప్యూటరు మొత్తము చెడినపుడు ప్రతిని తిరిగి ఎక్కించుటకు ప్రారంభసాధనము వేరుగా కావలెను; దానిని ముందే ఒక చిన్న పెన్‌డ్రైవులో సిద్ధపరచి, దానితో కంప్యూటరు మొదలగుచున్నదో లేదో పరీక్షింపవలెను. డిస్కుమీద తేదీ, అందున్న విషయము వ్రాసి అంటింపవలెను. విల్సను పట్టిక చేసిన ఉపకారము అదియే.

డిస్కును ఎల్లప్పుడు కంప్యూటరునకు తగిలించి యుంచుట మరియొక అపాయము. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట కార్యక్రమము లోకమంతట వ్యాపించి ఫైళ్లకు తాళములు వేసి ధనము కోరెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతబడినవి. తగిలించియున్న బాహ్య డిస్కులను సైతము అది వదలలేదు. పని ముగియగానే డిస్కును ఊడదీయవలెను. ఉన్న ఒక్క ప్రతిమీదనే క్రొత్తది వ్రాయుచు పోయిన, చెడిన ఫైలు మంచి ఫైలును మింగివేయును. గండికోట కాలనిర్ణయపు తప్పువలె అదియే తరతరములకు సాగును. కావున పాత తేదీల ప్రతి యొకటి అట్టిపెట్టుకొని, రెండవ డిస్కును వేరొక ఊర నున్న బంధువుల యింట నుంచుట మేలు. ప్రొద్దుటూరి వర్తకుని లెక్కల ప్రతి పులివెందులలో నున్నచో, ఒక యింటి అగ్నిప్రమాదము రెంటిని తినజాలదు.

ఆంధ్రప్రదేశమున కరణీకములు 1984లో రద్దయినవి. అనేక గ్రామముల మూలకవిలెలు నేడు కానరావు. కాని కడపలో బ్రౌను నివసించిన తావున వెలసిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము కడప జిల్లా కైఫియత్తులను సంపుటములుగా ప్రకటించినది. తాటాకు నుండి దేశవాళీ కాగితమునకు, అందుండి బ్రౌను ప్రతులకు, అందుండి అచ్చునకు చేరి, ఊరి మాట మరల ఊరికి వచ్చినది. తల్లి లేకున్నను పుత్రిక ఇల్లు చేరినది. మన యింటి బీరువాలోని డిస్కు నుండి ఒక్క దస్తావేజునైనను ఈ వారమే తిరిగి తెచ్చి చదివి చూతము. చదువ వీలైననే మనకు ప్రతి యున్నట్లు.