నిలుపు విద్య

రహదారుల చరిత్ర వ్రాసినవారు పయనమును గూర్చియు, వేగమును గూర్చియు, దూరములు తరిగిపోవుటను గూర్చియు విరివిగా వ్రాసిరి; కాని వడిగా పోవు బండిని కోరినచోట కోరిన క్షణమున నిలుపగల విద్య మన పల్లెలలోనికి ఎట్లు వచ్చినది, దానిని ఎవరు నేర్చిరి, ఎట్లు కాపాడిరి అని అడిగినవారు అరుదు. రామారెడ్డి వంటి ఊరిలో నిలిచి చూచినచో ఈ ప్రశ్న ఎంత పెద్దదో తెలియును. రామారెడ్డి నేడు కామారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రము. ఇసన్నపల్లి చెంతనున్న కాలభైరవస్వామి ఆలయమువలన చుట్టుప్రక్కల ప్రాంతములకెల్ల పరిచితము. కార్తిక బహుళాష్టమినాటి స్వామి జయంతికి ఒకప్పుడు జనము కాలినడకను, ఎడ్లబండ్లమీదను వచ్చెడివారు; నేడు బస్సులలోను, కార్లలోను, ఆటోలలోను వచ్చుచున్నారు. ఎడ్లబండికిని కారుకును నడుమ ఈ ప్రాంతపు మనుష్యుడు కొత్తగా తలకెత్తుకొన్న బాధ్యత యొకటి కలదు. దాని చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

ఎడ్లబండి నడచిన కాలమున నిలుపుట యనునది వేరొక వృత్తి కాలేదు. పగ్గము బిగించి అదలించినంతనే ఎడ్లు ఆగెడివి. పల్లమున దిగునపుడు బండి బరువును వాని మెడలే ఓర్చెడివి. నిలిపిన బండి జారకుండ చక్రము క్రింద ఒక రాయి పెట్టిన చాలియుండెడిది. అంతకు మించి, ఎద్దునకు ప్రాణభయము కలదు: రాత్రివేళ బెల్లపు బండి కామారెడ్డి అంగడికి పోవుచుండగా తోలువాడు కునుకు తీసినను, ఎదుట గొయ్యి కనబడినచో ఎద్దు తనంత తాను నిలిచెడిది. బండివాని ఎరుకలో సగము ఆ పశువు మోసెడిది. బండివాడు చేయవలసినదెల్ల చక్రము సులువుగా తిరుగునట్లు చూచుటయే. అందుకై ఆముదమున కాల్చిన గడ్డి మసిని కలిపి కందెన చేసి ఇరుసునకు పూసెడివాడు. ఆముదపు పంటకు హైదరాబాదు సంస్థానము దేశమునందెల్ల ప్రసిద్ధి కెక్కినది. తెలంగాణపు చెలకలలో ఆ చెట్టు లేని ఊరు అరుదు.

మోటారు వచ్చినతోడనే ఆ నోరులేని భాగస్వామి తొలగిపోయెను. 1932 జూన్‌లో నిజాము రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభించినపుడు సంస్థానమునందలి ప్రజాజీవితమున ఒక కొత్త యుగము తెరువబడెను. అంతకుముందు ఎక్కువగా ప్రభువులకును, పెద్ద ఉద్యోగులకును పరిచితమైన యంత్రవాహనము టికెట్టు కొన్న ప్రతివానికిని అందినది. హైదరాబాదు నుండి కామారెడ్డి, నిర్మల్ మీదుగా నాగపూరు పోవు మార్గము వాహనములకు రాజమార్గమైనది. అయితే యంత్రమునకు భయము లేదు, గొయ్యి కనబడదు, నిలువవలెనన్న కోరిక లేదు. నిలుపుట యెల్ల మనుష్యుని పాదముమీదను, ఆ పాదమునకును చక్రమునకును నడుమనున్న కొన్ని గొట్టములలోని ద్రవముమీదను ఆధారపడినది.

తొలినాటి కార్లలో ఆ నడుమనున్నది ద్రవము కాదు. ఇనుప కడ్డీలును, తీగత్రాళ్ళును. పెక్కింటికి వెనుక చక్రములకే బ్రేకులుండెడివి. కడ్డీ ఒకటి అరిగినను, త్రాడొకటి సాగినను ఒక చక్రము ముందుగా పట్టి, వేరొకటి వెనుకబడి, బండి ప్రక్కకు లాగెడిది. 17వ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ కనుగొన్న సూత్రము ఈ చిక్కునకు పరిష్కారమైనది: మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము తరుగక అన్ని దిక్కులకును సమముగా వ్యాపించును. అమెరికాలో మాల్కం లాక్‌హెడ్ ఈ సూత్రముపై బ్రేకును నిర్మించి 1917లో పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులతో వెలువడెను. 1924లో క్రైస్లర్ సంస్థ ఇంజనీర్లు, కారిపోవుచుండిన తోలు బిళ్ళలను తొలగించి రబ్బరు బిళ్ళలను అమర్చి, ఆ బ్రేకును సామాన్యుల కార్లకు తగినదానిగా చేసిరి.

ఇక్కడనే మన చెలకల ఆముదము ఈ కథలోనికి మరల ప్రవేశించుచున్నది. సహజ రబ్బరు భూమినుండి తీసిన ఖనిజ తైలములలో ఉబ్బి చెడిపోవును. ఆముదము దానిని అట్లు చెరుపదు. కావున తొలితరపు బ్రేకు ద్రవములను ఆముదమునందు ఆల్కహాలు కలిపి తయారుచేసిరి. బండి ఇరుసును తేలికగా తిప్పిన తైలజాతియే మోటారు చక్రమును ఆపు పనికి నియుక్తమైనది. దశాబ్దముల పిమ్మట గ్లైకాలు జాతి ద్రవములు దాని స్థానమును ఆక్రమించినను, మెకానిక్కు దానిని నేటికిని బ్రేకు ఆయిలు అనియే పిలుచుచున్నాడు.

స్వాతంత్ర్యానంతరము 1950వ దశకమున అంబాసిడరు, దానితోబాటు ఫియట్టు మన రోడ్లమీదికి వచ్చెను. డాక్టర్లు, వకీళ్ళు, వర్తకులు, ప్రభుత్వ కార్యాలయములు, టాక్సీవారు ఈ రెండు కార్లనే దశాబ్దముల తరబడి నడిపిరి. అంబాసిడరు తయారీ 2014లో గాని నిలువలేదు. ఒకే రకపు బండి అంతకాలము నడచుటచేత దానిని బాగుచేయు విద్యయు స్థిరపడి, కామారెడ్డి, నిజామాబాదు వంటి పట్టణములలో రోడ్డు ప్రక్క షెడ్లలో ఒక సంప్రదాయముగా రూపొందెను. ఆ షెడ్డునకు గురువు ఉస్తాదు. పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున వచ్చి పానాలు అందించుచు, డ్రమ్ములు కడుగుచు, చూచి నేర్చినవారే తరువాతి ఉస్తాదులైరి. పుస్తకము లేని ఆ పాఠశాలలో బ్రేకు పాఠము మిక్కిలి కఠినమైనది. ఏలయన ఇంజను పని తప్పినచో బండి కదలదు, బ్రేకు పని తప్పినచో బండి ఆగదు.

“ఉస్తాద్, బ్రేకు మెత్తగ పోతున్నది” అని డ్రైవరు చెప్పినంతనే అనుభవజ్ఞుడైన ఉస్తాదు పానా ఎత్తడు, “ఎన్ని పంపులకు పడుతున్నది?” అని అడుగును. ఈ ప్రశ్న వెనుక గొప్ప గణితము దాగియున్నది. పాదము 20 కిలోల బలముతో నొక్కినదనుకొందము. పెడలు మీటయై దానిని అయిదు రెట్లు చేసినచో, ద్రవమును గొట్టములలోనికి నెట్టు మాస్టరు సిలిండరులోని పిస్టనుపై 100 కిలోల బలము పడును; ఆ పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లైనచో ద్రవమునందు చదరపు సెంటీమీటరునకు 25 కిలోల పీడనము జనించును. అంతటి పీడనమునకు ద్రవము వేయింట ఒక వంతు మాత్రమే కుంచించును. గాలి యన్ననో తన పరిమాణమున ఇరువదియైదవ వంతునకు దాపుగా అణగిపోవును. గొట్టములలో 2 ఘనసెంటీమీటర్ల గాలి చేరినను పిస్టను అర సెంటీమీటరు వృథాగా జరుగవలెను. అనగా పెడలు రెండున్నర సెంటీమీటర్లు ఏ పనియు చేయక దిగిపోవును. కంటికి కనబడని ఆ బుడగ పాదమునకు స్పష్టముగా తెలియును.

అయినను దిగిన పెడలెల్ల గాలి పట్టినది కాదు. రెండు మూడు పంపులకు పెడలు పైకి వచ్చి గట్టిపడినచో, చక్రముతో తిరుగు డ్రమ్మును లోపలినుండి ఒరసి ఆపు బ్రేకు షూలు దానికి దూరమైనవని అర్థము. చక్రమెత్తి, సర్దుబాటు మరను షూ తగులువరకు త్రిప్పి, చక్రము స్వేచ్ఛగా తిరుగునంత వెనుకకు వదలిన చాలును. పంపు చేసినకొలది పైకి వచ్చినను పాదము క్రింద తూగుచున్నచో లోపల గాలి యున్నది. పాదమును కదల్పక అదిమి పట్టియుంచగా పెడలు మెల్లమెల్లగా నేలకు దిగుచున్నచో ఎక్కడనో కారుచున్నది. చక్రముల లోపలి అంచున తడి లేక, ఆయిలు డబ్బాలో మట్టమును తగ్గకున్నచో, మాస్టరు సిలిండరు లోపలి రబ్బరు వాషరు అరిగి ద్రవము దానిని దాటి వెనుకకు పోవుచున్నదని ఎరుగవలెను. చల్లని బండికి బాగుగానుండి, పొడవైన దిగుడులో మాత్రము మెత్తబడినచో ద్రవమే పాతబడినది. గ్లైకాలు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్ 3 తరగతి ద్రవము కొత్తదిగా నున్నపుడు 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగకుండవలెను, తేమ పట్టిన పిమ్మట ఆ హద్దు 140కి దిగును. నిర్మల్ చెంతనున్న మహబూబ్ ఘాటు దిగు బండికి డ్రమ్ములు కాగి ఆ ద్రవము ఆవిరియైనచో, ఆవిరియు గాలివలెనే అణగిపోవును.

గాలి తీయుట ఇద్దరి పని. ఉస్తాదు చక్రము కడను, శిష్యుడు పెడలు కడను కూర్చుందురు. కుడిచేతి స్టీరింగు గల మన కార్లలో మాస్టరు సిలిండరు కుడివైపున నుండుటచే దానికి మిక్కిలి దూరమైన ఎడమ వెనుక చక్రముతో ఆరంభించి, కుడి వెనుక, ఎడమ ముందు, కుడి ముందు చక్రములకు క్రమముగా వత్తురు. గాలి వెడలుటకు చక్రము కడనున్న మరయగు నిప్పలునకు సన్నని గొట్టము తగిలించి, దాని కొనను కొంత ఆయిలు పోసిన సీసాలో ముంతురు. కొట్టు, పట్టు, వదులు అను మూడు ఆజ్ఞలలో పని యంతయు నడచును: శిష్యుడు మెల్లగా కొట్టి అదిమి పట్టగా ఉస్తాదు నిప్పలు విప్పును, బుడగలు సీసాలోనికి వెడలును, పెడలు అడుగంటకముందే నిప్పలు బిగించిన తరువాత గాని ‘వదులు’ అనడు. ఆ మాటకు ముందే పాదము లేచినచో వెడలిన గాలి మరల లోనికి పోవును. డబ్బా అడుగంటినచో చేసిన పనియంతయు వ్యర్థము. తొందరపడి బలముగా కొట్టినచో పెద్ద బుడగ నురుగై చిన్న బుడగలుగా చీలి గొట్టముల గోడలకు అంటుకొనును; అందుకే నిదానమును ఉస్తాదులు మొదటి నియమముగా నేర్పుదురు.

ఇంత చేసినను పెడలు తూగుచున్నచో ఓర్పు గల పనివాడు మరల మొదటి నుండి విచారించును. చక్రములకు పోవు రబ్బరు పైపులను మెత్తని గుడ్డ చుట్టి ఒక్కొక్కటిగా బిగించి చూచును. అన్నియు బిగించినపుడు పెడలు రాయివలె నిలిచినచో మాస్టరు నిర్దోషి, ఏ పైపు వదలినపుడు మెత్తబడునో దోషము ఆ వైపున కలదు. ఏండ్లు గడచిన రబ్బరు పైపు వెలుపల చెక్కుచెదరక కనబడుచునే లోపల బలహీనపడి పీడనమునకు ఉబ్బును. షూలకు తొడిగిన కొత్త లైనర్లు డ్రమ్ము వంపునకు కుదరకున్నను, మాటిమాటికి లేతు పట్టించిన డ్రమ్ము పలుచబడినను అదే మెత్తదనము కలుగును. ఎవరైన తెలియక ఇంజను ఆయిలు పోసియుండినచో ప్రతి రబ్బరు బిళ్ళయు, ప్రతి రబ్బరు పైపును మార్చి, ఇనుప గొట్టములను స్పిరిటుతో కడుగక తప్పదు.

ఈ వృత్తి ధర్మమున ముఖ్యమైన నిషేధము ఒకటి కలదు: రెండు పంపులకు నిలుచుచున్నదిగదా యని బండిని పంపివేయరాదు. రోడ్డుమీద అడ్డము వచ్చిన పిల్లవాని ముందర డ్రైవరునకు లభించునది ఒక్క పంపు మాత్రమే. ఆనాటి కార్లలో నాలుగు చక్రములకును ఒకే ద్రవమార్గము ఉండుటచే ఒకచోట తెగినచో చేతిబ్రేకు తప్ప వేరు దిక్కు లేకపోయెను. తరువాతి కార్లకు రెండు మార్గములును, ముందు డిస్కులును, ఎలక్ట్రానిక్ సహాయములును సమకూడెను. అయినను పాదమునకును చక్రమునకును నడుమ ద్రవమే నేటికిని నిలిచియున్నది. అందు గాలి చేరినచో ఫలితమును పూర్వమువలెనే యుండును.

ఎద్దు విడిచిపోయిన జాగ్రత్తను ఈ ప్రాంతమున చేపట్టినవారు షెడ్డు ఉస్తాదులు. వారిలో పెక్కురకు సర్టిఫికెట్లు లేవు, శిలాఫలకములు లేవు. వారి కీర్తి యంతయు జరుగని ప్రమాదములలో కలదు, జరుగనిదానిని చరిత్ర లెక్కించదు. నేటి యువకుడు భాగములను మార్చుట నేర్చుచున్నాడు గాని, ఏ భాగము నిర్దోషియో తేల్చుకొను విచారణను నేర్చుట తక్కువ. పాత కార్లను ప్రేమతో దాచుకొన్నవారు రెండేండ్లకొకసారియైన ద్రవమును మార్పించి, ఆ తేదీని డబ్బాపై వ్రాయింపవలెను. పారిశ్రామిక శిక్షణ సంస్థల అధ్యాపకులు ముదుసలి ఉస్తాదులను తరగతికి పిలిపించి, వారు పెడలు నొక్కి దోషము తేల్చు క్రమమును విద్యార్థులచే వ్రాయింపవలెను. ఆలయములకును ఆనకట్టలకును మనము వ్రాసికొన్న చరిత్ర ప్రక్కన ఈ నిలుపు విద్యకును కొన్ని పుటలు దక్కుట న్యాయము.