పెట్టెలోకి వచ్చిన ఓడ: చెక్క నమూనా నౌకల కిట్ల చరిత్ర

చెక్కతో కట్టి తెరచాపలతో నడిపే పెద్ద ఓడలు సముద్రం మీద కనుమరుగవుతున్న కాలంలోనే, అంటే ఇరవయ్యో శతాబ్దపు మూడో, నాలుగో దశకాల్లో, వాటి చిన్న నమూనాలను ఇంట్లో కూర్చుని కట్టుకోవడానికి కావలసిన సామగ్రిని పెట్టెలో సర్ది అమ్మే వ్యాపారం అమెరికాలో నిలదొక్కుకుంది. ఈ రెండూ ఒకే కాలంలో జరగడం కాకతాళీయం కాదు. ఓడ వడ్రంగం బతుకుతెరువుగా ఉన్నంతకాలం ఆ విద్య రేవుల్లోనే, పనిచేసేవారి చేతుల్లోనే ఉండేది. ఇనుమూ ఆవిరి యంత్రమూ వచ్చి దాన్ని అక్కడి నుంచి తరిమేశాక, అందులో కొంత భాగం గుమాస్తాల, వైద్యుల, ఉద్యోగ విరమణ చేసినవారి బల్లల మీదికి చేరింది. అందుచేత కిట్టు చరిత్ర, ఆ విద్యలో ఎంత భాగం కొన్నవారి చేతికి అందింది, ఎంత భాగాన్ని కర్మాగారం తన దగ్గరే ఉంచుకుంది అన్న చరిత్ర కూడా అవుతుంది.

నమూనా ఓడలు చెయ్యడం చాలా పాత అలవాటు. ఈజిప్టులో క్రీస్తుపూర్వం సుమారు 1980 నాటి మెకెత్రే అనే అధికారి సమాధిలో 1920లో బయటపడిన చెక్క పడవలు, పరలోకంలో యజమానికి పనికొస్తాయన్న నమ్మకంతో పెట్టినవి. ఐరోపాలో సముద్రయానం నుంచి క్షేమంగా తిరిగి వచ్చినవారు చర్చిలో మొక్కుగా వేలాడదీసిన నమూనాలు అనేకం ఉండగా, వాటిలో స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతం నుంచి వచ్చి ఇప్పుడు రోటర్‌డాం సముద్ర ప్రదర్శనశాలలో ఉన్న మతరో నౌక, పదిహేనో శతాబ్దపు ఓడ ఎలా ఉండేదో చెప్పే అరుదైన సాక్ష్యంగా నిలిచింది. అయితే ఇవి భక్తి కోసం చేసినవే గాని, కొలత కోసం చేసినవి కావు.

కొలతకు కట్టుబడిన నమూనా పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో, యుద్ధనౌకల నిర్మాణాన్ని చూసుకునే నౌకా మండలి ఛాయలో పుట్టింది. నేవీ బోర్డు నమూనాలని పేరు పొందిన వీటిని ఎక్కువగా ఒక అడుగుకు పావు అంగుళం చొప్పున, అంటే అసలు ఓడలో నలభై ఎనిమిదో వంతుగా, పండ్లచెట్ల కలపలోనూ బాక్స్‌వుడ్ అనే నున్నని గట్టి కలపలోనూ చేసేవారు. ఓడ నీటిలో మునిగే భాగానికి పలకలు వెయ్యకుండా వదిలేసి లోపలి వంపు దూలాలు కనబడేట్టు ఉంచడం వీటి ప్రత్యేకత. అలా కనబడే దూలాల అమరిక నిజమైన ఓడలోని అమరిక కాదు. చూడటానికి ఇంపుగా, సమానమైన సందులతో కూర్చిన ఒక సంప్రదాయ రూపం మాత్రమే. ఖచ్చితత్వానికి మారుపేరుగా చెప్పుకునే ఈ నమూనాల్లోనే అందం కోసం నిజాన్ని కొంత సర్దుకోవడం కనబడుతుందన్న సంగతి, తరువాతి కిట్లను తప్పుపట్టే ముందు గుర్తుంచుకోదగ్గది. సామ్యూల్ పీప్స్ వంటి నౌకాశాఖ అధికారులు వీటిని ఇష్టంగా సేకరించారు. ఇవాళ గ్రీనిచ్‌లోని జాతీయ సముద్ర ప్రదర్శనశాలలోనూ, అమెరికన్ సంపన్నుడు హెన్రీ హడిల్‌స్టన్ రోజర్స్ ఇచ్చిన సేకరణ ద్వారా అనాపొలిస్‌లోని నౌకా విద్యాలయంలోనూ వీటిని చూడవచ్చు.

ఈ రాచరికపు నమూనాలకు పూర్తిగా మరో కొసన, ఇంగ్లండు చెరలో ఉన్న ఫ్రెంచి యుద్ధఖైదీల పని కనిపిస్తుంది. పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్ అనే చోట 1797లో తెరిచిన శిబిరంలో, తమకు తిండిగా ఇచ్చిన మాంసంలోని ఎముకలను ఉడకబెట్టి, తెల్లబరచి, సన్నని పలకలుగా కోసి, చెక్క దిమ్మె మీద చిన్న మేకులతో తాపడం చేసి, వాళ్లు యుద్ధనౌకలను తయారుచేసి శిబిర ద్వారం దగ్గర జరిగే సంతలో అమ్ముకున్నారు. కొన్నిటిలో ఒక దారం లాగితే ఫిరంగులన్నీ ఒక్కసారిగా లోపలికి పోయే ఏర్పాటు కూడా ఉండేది. పటాలు లేక, జ్ఞాపకం మీద ఆధారపడి చేసినవి కనుక వీటి కొలతలు తప్పుతాయి, తెరచాప కొయ్యలు ఉండవలసినదానికన్నా పొడుగవుతాయి. అయినా, అధికారుల గదుల కోసం గాక, అంగడిలో కొనేవారి కోసం ఓడ నమూనా ఇంత విరివిగా తయారైన తొలి సందర్భాల్లో ఇదొకటి.

కిట్టుకు నేరుగా దారితీసింది మాత్రం ఈ రెండూ కావు; అమెరికా ఈశాన్య తీరపు ఓడల పనివాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి వాడిన అర నమూనా. ఓడ కుడి ఎడమలు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి నిలువునా సగం చెక్కితే చాలునన్నది దీని సూత్రం. సమానమైన మందం గల చెక్క పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి చీలలతో బిగించి, ఆ దిమ్మెను కంటికి నప్పేదాకా ఉలితో చెక్కి, పని పూర్తయ్యాక చీలలు తీసి పలకలను విడదీసి, ఒక్కొక్క పలక అంచును కొలిచి, ఆ కొలతలను నలభై ఎనిమిది రెట్లకో మరెన్ని రెట్లకో పెంచి నేల మీద గీసుకునేవారు. కాగితపు పటం అవసరం లేకుండా ఓడ ఆకారాన్ని చేతి స్పర్శతో నిర్ణయించే ఈ పద్ధతి ఎంతో గొప్పది. తరువాత వచ్చిన కిట్టులో ఇదే దిమ్మె మిగిలింది గాని, ఆకారాన్ని నిర్ణయించే హక్కు మాత్రం కొనేవారికి మిగల్లేదు.

1920లలో పాత ఓడల మీద ప్రజల్లో కలిగిన మమకారం ఈ వ్యాపారానికి ఊపిరి పోసింది. నెల్సన్ ట్రఫాల్గర్ యుద్ధం చేసిన విక్టరీ నౌకను 1922లో పోర్ట్స్‌మత్ పొడి రేవులోకి చేర్చి మరమ్మతు మొదలుపెట్టారు. 1797లో జలప్రవేశం చేసిన కాన్‌స్టిట్యూషన్ నౌకను నిలబెట్టడానికి అమెరికాలో 1925 నుంచి సాగిన చందాల ఉద్యమంలో బడిపిల్లలు సైతం పైసాపైసా కూడబెట్టి ఇచ్చారు. ఆ రోజుల్లోనే కెప్టెన్ ఆర్మిటేజ్ మెక్కాన్, ఇంటి అలంకరణకు పనికొచ్చే ఓడలను సామాన్యులు ఎలా చేసుకోవచ్చో వివరిస్తూ 1926 నుంచి వరుసగా పుస్తకాలు వెలువరించారు. చార్లెస్ డేవిస్ తన 1926, 1933 నాటి గ్రంథాల్లో ఇంకాస్త కఠినమైన దారి పట్టి, దిమ్మె చెక్కడం కాదు, వెన్నుదూలం నుంచి ఒక్కొక్క దూలమూ నిలబెట్టి కట్టాలని పట్టుబట్టారు. డేవిస్ మాటను కొద్దిమందే పాటించగలరు. మిగతావారికి కావలసింది సగం పని చేసిపెట్టే సంస్థ.

అలాంటి సంస్థల్లో నౌకా నిర్మాణ నిపుణుడు హొరేస్ బౌచర్ న్యూయార్కులో 1905లో మొదలుపెట్టిన కార్యశాల పాతది. బ్లూజాకెట్ అనే పేరుతో అది ఇప్పుడు మెయిన్ రాష్ట్రంలో ఉంది. జాన్ షెడ్, శామ్ మిలోన్ 1946లో స్థాపించిన మోడల్ షిప్‌వేస్ రెండో తరానికి చెందింది. ఈ అమెరికన్ కిట్ల పెట్టె తెరిస్తే, బాస్‌వుడ్ అనే మెత్తని కలప నుంచి యంత్రం మీద ముప్పాతిక వంతు చెక్కిన దిమ్మె ఒకటి, దాని వంపులు సరిచూసుకోవడానికి అట్ట మూసలు, మడత పటాలు, దారపు చుట్టలు, పోతపోసిన లంగర్లు, ఫిరంగులు ఉండేవి. ఆ పోతలోనే ఒక పెద్ద లోపం దాగి ఉంది: చాలా పాత కిట్లలో వాడిన సీసం, ఓక్ వంటి కలప నుంచి మెల్లగా వెలువడే ఆమ్ల ఆవిరికి గురై, గాలి ఆడని అద్దాల పెట్టెలో కొన్ని దశాబ్దాలకు తెల్లని పొడిగా మారిపోతుంది. దుమ్ము పడకూడదని ఎంతో శ్రద్ధగా మూసి ఉంచిన నమూనాలే ముందుగా దెబ్బతినడం బాధాకరం. తగరం ప్రధానంగా ఉండే బ్రిటానియా లోహానికి సంస్థలు మారడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండో ప్రపంచయుద్ధం తరువాత ఐరోపాలో, ముఖ్యంగా ఇటలీలోని ట్యూరిన్, మిలాన్, మాంటువా పరిసరాల్లోనూ, 1958లో బిల్లింగ్ బోట్స్ మొదలైన డెన్మార్క్‌లోనూ, ఆ తరువాత స్పెయిన్‌లోనూ వేరే పద్ధతి స్థిరపడింది. ఇందులో దిమ్మె ఉండదు. ఓడ పొడవునా నిలిచే ఒక ప్లైవుడ్ వెన్నుకు గాడులు కోసి, ఓడ అడ్డుకోత ఆకారంలో ఉన్న పలకలను ఆ గాడుల్లో నిలువుగా దిగేసి, ఆ అస్థిపంజరం మీద సన్నని చెక్క పట్టీలను ఒకదాని పక్కన ఒకటి అంటిస్తూ పోవాలి. చాలా కిట్లలో ఈ పని రెండుసార్లు చెయ్యాలి: మొదటి పొర లైమ్ కలపతో వేసి గరుకు కాగితంతో నున్న చేశాక, దాని మీద అక్రోటు వంటి మేలైన కలపలో ఒక మిల్లీమీటరుకు మించని మందంగల పట్టీలతో రెండో పొర వెయ్యాలి.

ఓడ వడ్రంగి విద్యలోని అసలు కష్టం కొన్నవారి చేతికి వచ్చింది ఈ పట్టీల దగ్గరే. ఓడ నడుము దగ్గర పైఅంచు నుంచి వెన్నుదూలం దాకా ఉన్న చుట్టుకొలత, ముందు కొన దగ్గర ఉన్నదానికన్నా చాలా ఎక్కువ. అందుచేత ఒకే వెడల్పుగల పట్టీలను అలాగే ముందుకు తీసుకుపోతే అవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. నడుము దగ్గర ఎన్ని పట్టీలు పడతాయో లెక్కించి, ముందు కొన చుట్టుకొలతను అదే సంఖ్యతో భాగించి, వచ్చిన వెడల్పుకు ప్రతి పట్టీనీ క్రమంగా సన్నగా చెక్కుకోవాలి. అసలు వెడల్పులో సగంకన్నా సన్నబడితే మేకు పట్టదు కనుక, అలాంటి చోట రెండు పట్టీలను ఆపి ఒకే పట్టీగా ముందుకు పంపాలి; వెనక కొనలో అందుకు విరుద్ధంగా వెలితి ఏర్పడితే, అక్కడ కత్తిమొనలాంటి అదనపు ముక్క దూర్చాలి. ఈ నియమాలేవీ నమూనాల కోసం పుట్టినవి కావు. పెట్టెలో ఆవిరి పట్టించి మెత్తబరచిన ఓక్ పలకలను వేడి ఆరకముందే పరుగున తెచ్చి ఓడకు బిగించిన పనివాళ్లు పాటించిన నియమాలే ఇవి. నూనె దీపం వేడి మీదో, నీళ్లలో నానబెట్టో అయిదు మిల్లీమీటర్ల పట్టీని వంచేవారికి అదే కలప అదే రీతిలో ఎదురు తిరుగుతుంది. ఓడను ఎంత కుదించినా చెక్క నార స్వభావం మాత్రం మారదు.

తాళ్ల పనిలో ఈ సామ్యం కొంత సడలుతుంది. కొయ్యలను నిలబెట్టి ఉంచే, తారు పూసిన స్థిరమైన తాళ్లు ఒక రకం, తెరచాపలను ఎత్తి దించి తిప్పే కదిలే తాళ్లు మరో రకం. విక్టరీ మీద ఈ రెండూ కలిపి సుమారు 42 కిలోమీటర్ల తాడు ఉండేదని చెబుతారు. తొంభై ఆరో వంతు నమూనాలో దాన్నంతా చూపితే సుమారు 440 మీటర్ల దారం కావాలి. ఆ కొలతలో ఒక మిల్లీమీటరు దారం దాదాపు పది సెంటీమీటర్ల మోకుకు సమానం. సాధారణ కుట్టు దారం కంటికి పట్టు దారంలా మెరుస్తుంది గాని తాడులా కనబడదు కాబట్టి, పట్టుదలగలవారు చిన్న యంత్రం మీద తమ తాళ్లను తామే పేనుకుంటారు. ఇక కళాసులు ఎక్కే తాళ్ల నిచ్చెనల్లో ప్రతి మెట్టుకూ వేసే ముళ్లు పెద్ద ఓడకు వేలలో ఉంటాయి.

కిట్ల విశ్వసనీయతకు పెద్ద పరీక్ష స్వీడన్ నుంచి వచ్చింది. 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోం రేవులో మునిగిపోయిన 64 ఫిరంగుల వాసా నౌకను 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. ఆ కాలపు ఓడలకు నిర్మాణ పటాలు లేవు. అందుచేత అంతకుముందు పదిహేడో శతాబ్దపు తొలినాటి నౌకల కిట్లు ఎక్కువగా చిత్రాల మీద, ఊహ మీద నడిచేవి. వాసా బయటికి వచ్చాక కొలవడానికి అసలు వస్తువే దొరికింది, డెబ్బై అయిదో వంతు కిట్లూ వచ్చాయి. కాని పరిశోధన సాగినకొద్దీ, మొదట నీలం పూసిందని అనుకున్న వెనక భాగపు నేపథ్యం ఎరుపుదని తేలడంతో, పెట్టె మీది బొమ్మను నమ్మి రంగులేసిన నమూనాలు పాతబడిపోయాయి. ఫ్రాన్స్‌లో జాఁ బూద్రియో 74 ఫిరంగుల నౌకను నాలుగు సంపుటాల్లో ఒక్క మేకు విడవకుండా వివరించిన గ్రంథం 1970లలో వెలువడిన తరువాత, ఒకే రకం ఫిరంగులనూ కప్పీలనూ అన్ని ఓడలకూ వాడే కిట్లు చదువుకున్న కొనుగోలుదారుల ముందు నిలవడం కష్టమైంది. లేజరు కోత వచ్చి భాగాల అమరికను వెంట్రుకవాసికి తెచ్చింది గాని, ఏ పటాన్ని నమ్మి కోశారన్న ప్రశ్నను అది తీర్చలేదు.

ప్లైవుడ్ వెన్ను పద్ధతికి స్వభావసిద్ధమైన ఒక హద్దు కూడా ఉంది. అస్థిపంజరం ముందు, చర్మం తరువాత అన్నది ప్లైవుడ్ కిట్టు తర్కం. పలకలనే ముందు ఒకదానికొకటి కూర్చి ఆకారం తెచ్చే సంప్రదాయాలు అందులో ఇమడవు. నార్వేలోని ఒసెబర్గ్ నౌకలో పలకలు ముందు, లోపలి దూలాలు తరువాత వచ్చాయి. కిట్టులో ఆ క్రమం తలకిందులవుతుంది. తెలుగు తీరం సంగతి మరీ విశేషం. బహుశా మచిలీపట్నం పేరు మీదుగా మసూలా పడవ అని ప్రసిద్ధికెక్కిన కుట్టు పడవలో మేకులూ లేవు, లోపలి వంపు దూలాలూ లేవు. పలకల అంచుల వెంట బెజ్జాలు వేసి, సందులో కొబ్బరిపీచు పెట్టి, కొబ్బరితాడుతో కుట్టేవారు. కెరటాల దెబ్బకు విరగకుండా వంగే గుణం దానికి ఆ కుట్టువల్లనే వచ్చింది. 1830 ప్రాంతంలో ఈ తీరానికి వచ్చిన ఫ్రెంచి నావికాధికారి ఎడ్మండ్ పారిస్ కోరమాండల్ కుట్టు పడవలను కొలిచి గీసి, 1840ల తొలి సంవత్సరాల్లో వెలువడిన తన గ్రంథంలో చేర్చాడు. 1871లో లూవ్ర్‌లోని నౌకా ప్రదర్శనశాల బాధ్యత తీసుకున్నాక, తాను గీసిన పటాల ఆధారంగా నమూనాలు చేయించాడు. ఆ పటాల నుంచి కిట్టు చెయ్యాలంటే ప్లైవుడ్ వెన్ను పనికిరాదు; ముందే బెజ్జాలు కోసిన పలకలూ, కుడుతున్నంతసేపు వాటిని వంపులో పట్టి ఉంచి చివర తీసేసే ఒక తాత్కాలిక అచ్చూ కావాలి.