శరణార్థులు – దేశముల ఆదరణము

1685 వ సంవత్సరమున ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ, ప్రొటెస్టంటులకు మతస్వాతంత్ర్య మొసంగిన నాంటు శాసనమును రద్దుచేసెను. హ్యూగనోలనఁబడు ఆ ప్రజలు వేలకొలఁది దేశము విడిచిరి. ‘రెఫ్యూజీ’ యను మాట ఇంగ్లీషులోఁ జేరినది వీరివలననే.

బ్రాండెన్‌బర్గు ప్రభువైన ఫ్రెడరిక్ విలియము ఆ యేఁడే పాట్స్‌డాము శాసనమును ప్రకటించి వారిని రమ్మని పిలిచెను. పాడువడిన యిండ్లు, వానిని బాగుచేసికొనుటకు కలప, సున్నము, కొన్నియేండ్లవఱకు పన్నుల మినహాయింపు, పనివారికి వృత్తిసంఘములలోఁ బ్రవేశము – ఇవి యాతఁ డిచ్చినవి. ఇది కేవలము దయ యని మేమనము. ముప్పదియేండ్ల యుద్ధముచేఁ బాడైన యాతని దేశమునకు మనుష్యులు కావలసియుండిరి. అచ్చటికిఁ జేరినవారు సుమారు 20,000 మంది. 1700 నాఁటికి బెర్లిను జనులలో అయిదింట నొకవంతు వారే.

ఇంగ్లండు చర్చీలలోఁ జందాలు పోగుచేసినది. విలియము కాలమున ఏఁటేఁట 15,000 పౌనులు పంచినది. ఔదార్యమునకుఁ గొఱఁత లేదు. పట్టునేఁత నేర్చినవారు స్పిటల్‌ఫీల్డ్సులో తమంతఁ దామే నిలద్రొక్కుకొనిరి. కాని పౌరసత్వము సులభముగా దొరకలేదు. 1709లో దానికై చట్టము చేసిరి. ఆ వేసవినే జర్మనీనుండి సుమారు 13,000 మంది బీదలు వచ్చి లండనుచెంత గుడారములలో దిగఁగా జనులు గగ్గోలుపెట్టిరి. 1712లో చట్టము రద్దయ్యెను.

అన్నము పెట్టుటకును పని చేయనిచ్చుటకును గల యీ తారతమ్యమే మాకు ముఖ్యముగాఁ దోఁచుచున్నది. నేఁటి బ్రిటనులో ఆశ్రయము కోరినవారికి వసతియు స్వల్పభత్యమును గలవు. సామాన్యముగా 12 నెలలవఱకు పనిచేయ ననుమతి లేదు. ఉగాండా బీదదేశమయ్యు, 2006 నాఁటి చట్టముచే పనిచేయు హక్కు నొసంగి, సేద్యమునకు భూమితుండును జూపుచున్నది. వచ్చువారు పెరిగినకొలఁది ఆ తుండు చిన్నదగుచున్నది.