ఆలిస్ గీ: చలనచిత్ర చరిత్రలో ఒక పేరు, దాని ఆధారాలు

చలనచిత్ర చరిత్రను మొదటిసారి చదివే విద్యార్థికి ప్రారంభంలోనే రెండు ఫ్రెంచి పేర్లు ఎదురవుతాయి. యంత్రాన్ని తయారుచేసి జనం ముందుకు తెచ్చిన లూమియేర్ సోదరులది ఒకటి, ఆ యంత్రంతో మాయలు చేసి చూపించిన జార్జ్ మెలియెస్‌ది మరొకటి. వారు పనిచేసిన కాలంలోనే, పారిస్ నగరంలో ఒక పెద్ద సంస్థ చిత్రనిర్మాణ బాధ్యతనంతా దాదాపు పదకొండేళ్లు మోసిన స్త్రీ ఒకరున్నారు. ఆమె పేరు ఆలిస్ గీ. పెళ్లి తరువాత ఆలిస్ గీ బ్లాషే. ఆమె తీసిన, లేదా ఆమె పర్యవేక్షణలో తయారైన చిత్రాలు సుమారు వెయ్యి ఉంటాయని పరిశోధకుల అంచనా. అయినా చాలా దశాబ్దాల పాటు చలనచిత్ర చరిత్ర గ్రంథాలలో ఆమెకు ఒక పేరా కూడా దక్కలేదు.

ఈ వ్యాసం చదివేటప్పుడు మీరు రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకోవాలి. ఆ పేరు ఎలా జారిపోయింది? ఈనాడు దాన్ని తిరిగి రాస్తున్నప్పుడు ఏ ఆధారాల మీద రాస్తున్నాం? మొదటి ప్రశ్నకు కోపంతో జవాబు చెప్పవచ్చు. రెండోదానికి ఓపిక కావాలి.

టైపిస్టుగా ప్రవేశం

ఆలిస్ గీ 1873 జులై 1న పారిస్ పక్కనే ఉన్న సాన్-మాండేలో జన్మించారు. తండ్రికి దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో పుస్తకాల వ్యాపారం. పసితనంలో అమ్మమ్మ దగ్గర స్విట్జర్లాండులోనూ, తరువాత కొంతకాలం చిలీలోనూ పెరిగి, చదువుకు తిరిగి యూరప్ చేరారు. వ్యాపారం దెబ్బతిన్నది. 1891లో తండ్రి మరణించారు. తల్లినీ తననూ పోషించుకోవడానికి ఆమె టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకున్నారు. ఆ కాలపు మధ్యతరగతి ఆడపిల్లకు గౌరవంగా దొరికే కొద్దిపాటి ఉద్యోగాలలో అది ఒకటి.

1894లో కెమెరాలు, ఫోటోగ్రఫీ సామగ్రి అమ్మే ఒక సంస్థలో ఆమె సెక్రటరీగా చేరారు. మరుసటి ఏడాది ఆ సంస్థను లియోన్ గోమాన్ అనే ఉద్యోగి కొందరు భాగస్వాములతో కలిసి కొనుగోలు చేసి తన పేరు పెట్టుకున్నాడు. పెట్టుబడి పెట్టినవారిలో పారిస్ టవరు కట్టిన గుస్తావ్ ఐఫెల్ కూడా ఉన్నారు. 1895 మార్చి 22న లూమియేర్ సోదరులు కొద్దిమంది ఆహ్వానితుల ముందు తమ యంత్రాన్ని ప్రదర్శించారు. డిసెంబరు 28న డబ్బు తీసుకుని సాధారణ ప్రేక్షకులకు చూపించడానికి అది తొమ్మిది నెలల ముందుమాట. ఆ మార్చి ప్రదర్శనకు గోమాన్‌తో పాటు ఆలిస్ గీ కూడా వెళ్లారు. తెరమీద కార్మికులు కర్మాగారం గేటులోంచి బయటికి వస్తున్నారు.

గోమాన్ దృష్టి యంత్రం మీద ఉంది. కెమెరాలు అమ్మాలంటే కొనేవాడికి నమూనాగా చూపడానికి కొన్ని బొమ్మలు కావాలి, అంతవరకే. ఆ బొమ్మలలో రైళ్లు, కవాతులకు బదులు చిన్న కథ ఒకటి ఎందుకు ఉండకూడదని అడిగినది ఆ సెక్రటరీ. ఆఫీసు ఉత్తరాల పనికి అడ్డు రాకుండా ఉంటే సరే అన్నాడట యజమాని. ఈ సంభాషణకు ఆమె ఆత్మకథ తప్ప మరో సాక్ష్యం లేదు. కానీ ఆ అనుమతి వెనకనున్న ఉదాసీనత నమ్మదగినదే. దానివల్ల డబ్బు వస్తుందని అప్పటికి ఎవరూ అనుకోలేదు గనుకనే ఆ పని ఒక ఆడపిల్ల చేతికి వచ్చింది. డబ్బు రావడం మొదలయ్యేసరికి ఆమె ఆ పనిలో స్థిరపడిపోయారు.

క్యాబేజీల దేవకన్య: తేదీ ఎందుకు ముఖ్యం?

ఆమె తొలి చిత్రం పేరుకు తెలుగులో 'క్యాబేజీల దేవకన్య' అని అర్థం. మగపిల్లలు క్యాబేజీలలో, ఆడపిల్లలు గులాబీలలో దొరుకుతారని ఫ్రెంచివారు పిల్లలకు చెప్పే మాట. చిత్రం నిడివి ఒక నిమిషం. దీనిని 1896లో, మెలియెస్ కంటే ముందే తీశానని ఆలిస్ గీ వృద్ధాప్యంలో రాసుకున్నారు. అది నిజమైతే ప్రపంచంలోనే తొలి కథాచిత్రాలలో ఇది ఒకటి అవుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ పేరుతో నేడు మనకు దొరుకుతున్న చిత్రాన్ని గోమాన్ సంస్థ జాబితాల ఆధారంగా 1900 నాటిదిగా లెక్కిస్తున్నారు. అందులో దేవకన్య ఒక్కతే ఉంటుంది. చెక్క క్యాబేజీల వెనక నుంచి ఒక్కొక్క శిశువునూ ఎత్తి చూపిస్తుంది. కానీ ఆత్మకథలో ఆమె వర్ణించిన కథలో యువ దంపతులు కూడా ఉన్నారు. ఆ వర్ణనకు దగ్గరగా ఉన్నది 1902లో ఆమే తీసిన మరో చిత్రం. మరి 1896 నాటిది ఏమైంది?

అప్పటి వ్యాపార పద్ధతి తెలిస్తే ఈ చిక్కు కొంత విడుతుంది. ఆ రోజుల్లో చిత్రాలను అద్దెకిచ్చేవారు కాదు, బట్టలాగా మీటర్ల లెక్కన అమ్మేవారు. సంతల్లో గుడారం వేసుకునే ప్రదర్శకులు వాటిని కొనుక్కుపోయేవారు. ఒక చిత్రానికి గిరాకీ ఉంటే, నెగటివు అరిగిపోయేదాకా ప్రింట్లు తీసి, తరువాత అదే కథను మళ్లీ చిత్రీకరించేవారు. పైగా గోమాన్ సంస్థ తొలి కెమెరా 60 మిల్లీమీటర్ల ఫిల్ముతో పనిచేసేది. తరువాత అందరిలాగే 35కు మారింది. కాబట్టి 1896లో పాత కొలతలో తీసిన చిత్రాన్ని 1900లో కొత్త కొలతలో మళ్లీ తీసి ఉండవచ్చునని, పెద్ద వయసులో ఆమె జ్ఞాపకంలో రెండు మూడు చిత్రాలు కలిసిపోయి ఉండవచ్చునని కొందరు పరిశోధకులు వాదిస్తారు. అది సహేతుకమైన వాదం. అయితే రుజువు కాదు. 1896 నాటి ప్రింటు మన చేతిలో లేదు.

పరీక్షల్లో చాలామంది 'ప్రపంచపు తొలి కథాచిత్రాన్ని ఆలిస్ గీ 1896లో తీసింది' అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. మీరు అలా రాయకండి. ఆత్మకథ ఏం చెబుతున్నది, సంస్థ జాబితా ఏం చెబుతున్నది, మిగిలిన ప్రింటు ఏం చూపిస్తున్నది అన్నవి విడివిడిగా రాయండి. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైనది 1931 సెప్టెంబరు 15న అని ఎన్నో ఏళ్లు అందరం నమ్మాం. సెన్సారు వివరాలు, పత్రికలు తిరగేశాక అది 1932 ఫిబ్రవరి 6కు మారింది. తేదీ మారినంత మాత్రాన ఆ చిత్రం తీసినవారి గౌరవం తగ్గలేదు. ఇక్కడా అంతే. నా ఉద్దేశంలో ఆలిస్ గీ స్థానం ఈ 'మొదటి' అనే మాట మీద ఆధారపడి లేదు.

గోమాన్ సంస్థలో నిర్మాణ బాధ్యత

ఆమె స్థానాన్ని నిలబెట్టేది తరువాతి పని. 1907 వరకు గోమాన్ సంస్థలో కథాచిత్రాల నిర్మాణానికి ఆమే అధిపతి. కథలు రాయడం, నటులను ఎంచడం, సెట్లు వేయించడం, ఖర్చు లెక్క చూడటం, కొత్తవారికి పని నేర్పడం అన్నీ ఆమె చేతిమీదుగా జరిగాయి. తరువాతి కాలంలో ఫ్రెంచి సీరియల్ చిత్రాలకు పేరుమోసిన లూయీ ఫొయాద్ మొదట ఆమె దగ్గర కథలు రాసినవాడే. తాను వెళ్లిపోయేటప్పుడు తన స్థానానికి అతని పేరు సిఫారసు చేసినది కూడా ఆమే.

ఆ కాలంలో గోమాన్ 'క్రోనోఫోన్' అనే యంత్రాన్ని అభివృద్ధి చేశాడు. గాయకుడి పాటను ముందుగా రికార్డు చేస్తారు. తరువాత ఆ రికార్డు మోగుతుండగా అతడు పెదవులు కదుపుతూ నటిస్తే చిత్రం తీస్తారు. ప్రదర్శనలో రెండింటినీ కలిపి నడుపుతారు. మన సినిమాల్లో ప్లేబ్యాక్ అంటున్న పద్ధతి దాదాపు ఇదే. ఇటువంటి చిన్న పాటల చిత్రాలు ఆమె వందకు పైగా తీశారు, అదీ టాకీలు రావడానికి రెండు దశాబ్దాల ముందు.

వీటిలో ఒకదాన్ని తీస్తున్నప్పుడు, ఆ చిత్రీకరణనే మరొక కెమెరాతో తీశారు. ఆ ఫిల్ము ఇప్పటికీ ఉంది. 1905లో కట్టిన బ్యూట్-షోమాన్ స్టూడియోలో నటీనటులు, కెమెరా, గ్రామఫోను కనిపిస్తాయి. వారి మధ్య పొడవాటి గౌను తొడుక్కున్న ఒక స్త్రీ అందరికీ స్థానాలు చూపిస్తూ తిరుగుతుంటుంది. ఆత్మకథను అనుమానించవచ్చు, జాబితాలో తప్పు దొర్లిందనవచ్చు. ఆ స్టూడియోలో పని నడిపిస్తున్నది ఎవరన్న విషయంలో మాత్రం ఈ ఫిల్ము చూసినవారికి సందేహం ఉండదు.

1906లో వచ్చిన 'క్రీస్తు జీవితం' ఆమె ఫ్రెంచి చిత్రాలలో పెద్దది. 25 దృశ్యాలు, సుమారు 300 మంది నటులు, అరగంటకు పైగా నిడివి. సెట్లకు, దుస్తులకు చిత్రకారుడు జేమ్స్ టిస్సో గీసిన బైబిలు బొమ్మలను నమూనాగా తీసుకున్నారు. అదే ఏడాది వచ్చిన 'స్త్రీవాద ఫలితాలు' చిన్న హాస్యచిత్రం. అందులో మగవాళ్లు కుట్టుపని, ఇస్త్రీ చేస్తూ పిల్లలను ఆడిస్తారు, ఆడవాళ్లు కాఫీ హోటల్లో కూర్చుని తాగుతూ మగవాళ్లను ఏడిపిస్తారు. చివరికి మగవాళ్లు తిరగబడి హోటలును ఆక్రమించుకుంటారు. ఇది స్త్రీవాదాన్ని సమర్థిస్తున్నదా, ఎగతాళి చేస్తున్నదా అన్నది తేల్చడం కష్టం. ఆ రోజు నవ్విన మగవాళ్లు తాము రోజూ చేసే పనులను ఆడవాళ్లు చేస్తుంటేనే నవ్వారన్న సంగతి మాత్రం మిగులుతుంది.

అమెరికాలో సొంత స్టూడియో

1907లో ఆమె గోమాన్ సంస్థ ఉద్యోగి హెర్బర్ట్ బ్లాషేను పెళ్లాడారు. క్రోనోఫోన్ వ్యాపారం కోసం భర్తను అమెరికా పంపడంతో ఉద్యోగం వదులుకుని ఆమె కూడా వెళ్లారు. కూతురు పుట్టాక, 1910లో న్యూయార్క్ ప్రాంతంలోని ఫ్లషింగ్‌లో 'సొలాక్స్' అనే సొంత నిర్మాణ సంస్థను స్థాపించారు. రెండేళ్లకే న్యూజెర్సీలోని ఫోర్ట్ లీలో లక్ష డాలర్లకు పైగా ఖర్చుతో కొత్త స్టూడియో కట్టారు. హాలీవుడ్ ఎదగకముందు అమెరికా చిత్రపరిశ్రమకు కేంద్రం ఫోర్ట్ లీయే. ఆ స్టూడియోలో నటులకు కనబడేలా 'సహజంగా ఉండండి' అని పెద్ద అక్షరాలతో రాయించి పెట్టారు. అప్పటి నటనంతా చేతులు ఊపి, గుండెలు బాదుకునే పద్ధతి కావడం వల్ల ఆ మాట అవసరమైంది.

1912లో ఆమె తీసిన 'ఒక మూర్ఖుడు, అతని డబ్బు' అనే అర్థం గల చిత్రంలో నటులందరూ నల్లజాతివారే. అలా తయారైన చిత్రాలలో మిగిలిన అతి పాతవాటిలో ఇది ఒకటి. అయితే వారిని చూపించిన తీరులో ఆనాటి తెల్లవారి ఎగతాళి ధోరణి ఉంది. ఈ రెండో సంగతి చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పడం సరికాదు. 1914లో ఒక సినిమా వారపత్రికకు రాసిన వ్యాసంలో, చిత్రనిర్మాణంలో పురుషుడు చేయగలిగి స్త్రీ చేయలేని పని ఏదీ లేదని ఆమె వాదించారు. అప్పటికి ఆమెకు సుమారు పద్దెనిమిదేళ్ల అనుభవం.

తరువాతి పతనం వేగంగా జరిగింది. పొట్టి చిత్రాల స్థానంలో ఖరీదైన పెద్ద చిత్రాలు వచ్చాయి, పంపిణీ పెద్ద సంస్థల గుప్పిట్లోకి పోయింది, పరిశ్రమ కాలిఫోర్నియాకు తరలింది. ఆమె ఇతరుల సంస్థలకు జీతానికి దర్శకత్వం చేశారు. 1918లో భర్త ఆమెను, పిల్లలను వదిలి హాలీవుడ్ వెళ్లిపోయాడు. ఆమెకు స్పానిష్ ఫ్లూ సోకింది. చివరి చిత్రం 1920లో విడుదలైంది. స్టూడియో ఆస్తులు వేలానికి పోయాయి. 1922లో విడాకులు పొంది, ఇద్దరు పిల్లలతో ఫ్రాన్సు చేరేసరికి ఆమెకు 49 ఏళ్లు. అక్కడ దర్శకత్వం అవకాశం ఒక్కటీ రాలేదు. పిల్లల కథలు రాసి, సినిమాలను పత్రికలకు కథలుగా మార్చి రాసి బతికారు.

పేరు కోసం వెతుకులాట

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. తొలినాటి చిత్రాల మీద దర్శకుల పేర్లు వేసేవారు కాదు, సంస్థ గుర్తు ఒక్కటే ఉండేది. కాబట్టి తరువాత చరిత్ర రాసేవారికి సంస్థ కాగితాలు, బతికి ఉన్నవారి మాటలే ఆధారం. గోమాన్ తన సంస్థ చరిత్రను సిద్ధం చేయించినప్పుడు అందులో 1907కు ముందు జరిగిన చిత్రనిర్మాణం ప్రస్తావనే లేదు. ఆమె అభ్యంతరం చెబితే సరిదిద్దుతానన్నాడు. కానీ ఆ పని ప్రచురణ దాకా రాకముందే 1946లో మరణించాడు. ప్రసిద్ధ చరిత్రకారుడు జార్జ్ సదూల్ 'క్రీస్తు జీవితం' చిత్రాన్ని ఆమెకు సహాయకుడిగా పనిచేసిన విక్టోరాన్ జాసె పేర రాశాడు. సదూల్ దురుద్దేశంతో రాశాడని నేను అనుకోను. సహాయకుడి పేరు అప్పటికి అందరికీ తెలుసు, ఆమె పేరు తెలియదు. తెలిసిన పేరే కాగితం మీదికి ఎక్కింది. ఒకసారి అచ్చయ్యాక తరువాతివారు దానినే చూసి రాసుకుపోయారు.

1927లో ఆమె తన చిత్రాల ప్రింట్లు వెతుక్కుంటూ అమెరికా వెళ్లారు. ఒక్కటీ దొరకలేదు. తన పనికి సాక్ష్యం లేని మనిషిగా తిరిగివచ్చారు. ఆ తరువాత జ్ఞాపకం మీదే తన చిత్రాల జాబితాలు తయారుచేసుకుంటూ, చరిత్రకారులకు ఉత్తరాలు రాస్తూ గడిపారు. ఆమె తేదీలలో పొరపాట్లున్నాయని నేడు మనం వేలు పెట్టి చూపేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. 1954 డిసెంబరులో గోమాన్ కుమారుడు లూయీ పారిస్‌లో చేసిన ప్రసంగంలో ఆమెను అన్యాయంగా మరిచిపోయారని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ దశాబ్దంలోనే ఫ్రెంచి ప్రభుత్వం ఆమెను 'లెజియన్ ఆఫ్ ఆనర్'తో గౌరవించింది.

ఆత్మకథ రాసి ఉంచారు కానీ ప్రచురించేవారు దొరకలేదు. 1968 మార్చి 24న, 94వ ఏట, న్యూజెర్సీలో కూతురి సంరక్షణలో ఉండగా మరణించారు. ఒకప్పుడు తాను కట్టిన స్టూడియో కూడా ఆ రాష్ట్రంలోనిదే. ఆత్మకథ 1976లో ఫ్రెంచిలో, 1986లో ఇంగ్లీషులో వెలువడింది. ఆ తరువాత వేర్వేరు దేశాల ఫిల్మ్ ఆర్కైవులలో పేరు లేని డబ్బాలను తెరిచి పోల్చి చూడటం మొదలైంది. ఇప్పటికి సుమారు 150 చిత్రాలు ఆమెవిగా గుర్తించారు. 1927లో ఆమెకు ఒక్కటీ దొరకలేదు.