ముంపు కడపకు, మాగాణి నెల్లూరుకు

ఆత్మకూరు దాటి అనంతసాగరం మీదుగా వెళ్తే, పెన్నా కొండల్లోంచి బయటపడే చోట సోమశిల డ్యాం. 78 టీఎంసీల జలాశయం. ఈ నీళ్లు సంగం, నెల్లూరు మీదుగా డెల్టాకు పారతాయి. కండలేరు జలాశయం చేరి, తెలుగుగంగ కాలువలో చెన్నై దాకా పోతాయి. ఉత్తరాన ఉన్న ఉదయగిరి మెట్టకు మాత్రం ఎత్తిపోస్తే తప్ప ఎక్కవు.

ప్రాజెక్టు వల్ల ప్రాంతానికి ఒరిగిందెంతో లెక్కగట్టే ఆర్థిక సలహాదారులు ముందుగా చేసే పని పటం మీద గీత గీయడం. గీత నెల్లూరు జిల్లా చుట్టూ గీస్తే సోమశిల బంగారుగనే. కడపను కూడా కలుపుకుంటే మునిగిపోయిన ఊళ్లు వందకు పైగా లెక్కలోకి వస్తాయి. చెన్నై దాకా జరిపితే 1983 తెలుగుగంగ ఒప్పందం కింద వెళ్లే తాగునీరు లాభం పద్దులో చేరుతుంది. గీత ఎక్కడ పడాలో సాధారణంగా ఫీజు ఇచ్చేవాళ్లే చెబుతారు. అందుకే నివేదికలో నేను ముందు చూసేది ఆ గీతనే.

అమెరికా 1936 వరద నియంత్రణ చట్టంలో ఈ తగువును ఒక్కమాటతో తేల్చేసింది: లాభం ఎవరికి చేరినా సరే, మొత్తంగా ఖర్చును మించితే చాలు. మన దేశంలో ఈ లెక్కకు దారి వేసింది పుణె గోఖలే సంస్థకు చెందిన డి.ఆర్. గాడ్గిల్. గోదావరి, ప్రవర కాలువల (మన డెల్టా కాలువలు కావు, మహారాష్ట్రవి) ప్రత్యక్ష, పరోక్ష లాభాలపై ఆయన చేసిన సర్వే 1948లో అచ్చయింది. 1964లో ఆయన అధ్యక్షతన కమిటీ పెట్టిన గీటురాయి: రూపాయి ఖర్చుకు కనీసం రూపాయిన్నర లాభం. కరువు ప్రాంతాలకు తర్వాత దాన్ని రూపాయికి సడలించారు. ఉదయగిరి లాంటి చోట్లకు ఆ సడలింపే దిక్కు.

పరోక్ష లాభమే అసలు చిక్కుముడి. కాలువ పనిలో కూలి ఐదొందలు అందుకున్నాడనుకుందాం. ఉదయగిరి అంగట్లో బియ్యం కొంటే ఆ బియ్యం డెల్టావి. సిమెంటు, ఇనుము, జేసీబీ అద్దె బయటివాళ్లకే పోతాయి. ఊళ్లో మిగిలేది టీకొట్టుకూ, దర్జీకీ, చెక్క గరిటెలు చెక్కే పనివాళ్లకూ చేరిన కాస్తే. పెట్టిన రూపాయి చేతులు మారి ఇన్ని రూపాయలవుతుందని చెప్పే గుణకం రాష్ట్రానికి ఘనంగానే ఉంటుంది, మండలానికొచ్చేసరికి చిక్కిపోతుంది. రాష్ట్ర గుణకాన్నే తెచ్చి మండలానికి అతికించడం పాత చిట్కా.

ఇంకో కిటుకు, కట్టకముందుతో కట్టాక పోల్చడం. వానలు బాగా పడిన ఏడు చెరువులు నిండి ఎకరాకు పుట్లు పెరిగితే ఆ ఘనతా ప్రాజెక్టు ఖాతాలోకే! పోల్చాల్సింది ప్రాజెక్టు లేకపోయినా ఎంత పండేదన్న దానితో.

ఇక ఆలస్యం. శ్రీశైలం నీళ్లను సొరంగాల్లో తెచ్చి ప్రకాశంతో పాటు ఉదయగిరి వైపు మెట్టకూ ఇవ్వాలన్న వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. సొరంగాలను ప్రారంభించింది 2024 మార్చిలో. ఏడాదికి 10 శాతం వడ్డీ చొప్పున వెనక్కి లెక్కగడితే, 28 ఏళ్ల తర్వాత వచ్చే వంద రూపాయల లాభం శంకుస్థాపన నాటి విలువలో ఏడు రూపాయలే. ప్రాజెక్టు సవివర నివేదిక(డీపీఆర్)లో మాత్రం కాలువలు అనుకున్న ఏడాదికే పారతాయి.