రేచుకుక్క కథ

మారేడ్‌పల్లి వీథులలో రాత్రి ప్రొద్దుపోయిన తరువాత కుక్కల మొరుగు వినబడని ఇల్లు ఉండదు. కాని కుక్కల వంశములోనే, మొరుగుటకు బదులు ఈలవేసి తనవారిని పిలుచుకొనే ప్రాణి ఒకటి ఉన్నది. అదే రేచుకుక్క. దట్టమైన అడవిలో గుంపు చెదరిపోయినప్పుడు ఈ ఈలలతోనే అవి మరల ఒకచోట చేరుకొంటవి.

పేరులో కుక్క ఉన్నను, ఇది మన పెంపుడు కుక్కలకు మూలజంతువు కాదు. ఆ గౌరవము తోడేలుది. కుక్క, తోడేలు, నక్క ఒకే ప్రజాతికి, అనగా ఒకే ఇంటిపేరుకు చెందినవి. గుంటనక్కది మరొక ఇంటిపేరు. రేచుకుక్క ఈ రెండింటిలోను చేరదు. తన ప్రజాతిలో నేడు మిగిలినది అది ఒక్కటే. కుక్కకు 42 దంతములుండగా దీనికి 40 మాత్రమే. ఎర్రని మేను, నల్లని కుచ్చుతోక దీని గుర్తులు. ఆఫ్రికాలోని మచ్చల అడవికుక్క కూడ దీనివలెనే గుంపుకట్టి వేటాడుతుంది గాని, అదియు వేరు ప్రజాతియే.

రేచుకుక్కకు శాస్త్రనామము 1811లో పల్లాసు అనే జర్మను పండితుడు పెట్టినాడు. 1831లో సైక్సు అనే ఆంగ్ల సైనికోద్యోగి దక్కనులోని రేచుకుక్కను వర్ణించి, దానికి దక్కను పేరునే ఉంచినాడు. అది వేరు జాతి కాదని తరువాత తేలినది. 1895లో రడ్యార్డు కిప్లింగు తన రెండవ జంగిల్ బుక్కులో దక్కను నుండి దండెత్తి వచ్చే ఎర్రకుక్కలను చిత్రించినాడు. ఆ కథ చదివిన లోకమునకు మన ప్రాంతపు ప్రాణి ఒక రాక్షసిగా పరిచయమైనది.

ఆ కాలములో సికిందరాబాదు వంటి దండు పట్టణములలోని దొరలకు వేట గొప్ప వినోదము. హైదరాబాదు కంటింజెంటులో పనిచేసిన బర్టన్ దక్కను వేటలపై 1928లో ఒక గ్రంథమే ప్రకటించినాడు. వేటగాండ్రు రేచుకుక్కపై మోపిన నేరములు రెండు. దుప్పులను, కణుజులను చెదరగొట్టి తమ వేటకు లోటు చేస్తున్నదని ఒకటి; ప్రాణముండగానే తినుటకు మొదలుపెడుతుందని రెండవది. రెండవ మాట నిజమే. పులివలె గొంతుపట్టి చంపగల బలము దానికి లేదు. ఇంచుమించు 15 కిలోల బరువుగల జంతువులు కూడి, తమకంటె ఎన్నో రెట్లు పెద్దదైన కణుజును పడగొట్టవలసి ఉన్నది. ఆకలికి చంపే జంతువును, వినోదమునకు చంపే మనిషి క్రూరమైనదని నిర్ణయించినాడు. ఆ తీర్పును అమలుపరచుటకు ప్రభుత్వమే, రేచుకుక్కను చంపినవారికి బహుమానములిచ్చినది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తీర్పును త్రిప్పివేసి రేచుకుక్కకు రక్షణ కల్పించినది. ఆ తరువాత బండీపూరు అడవులలో జాన్‌సింగ్ గారు కొన్ని సంవత్సరములు వీనిని కనిపెట్టి చూచినారు. వేట దొరికినప్పుడు పిల్లలను ముందు తిననిచ్చుట, తల్లినీ పిల్లలనూ గుంపంతా కలసి పోషించుట వీని సంసారధర్మమని ఇట్టి పరిశీలనల వలననే తెలియవచ్చినది.

అయినను ముప్పు తొలగలేదు. 2004 నుండి రేచుకుక్క అంతర్జాతీయ పట్టికలో అంతరించే ప్రమాదమున్న జాతిగా నమోదై ఉన్నది. 2015 నాటి అంచనా ప్రకారము, సంతానయోగ్యమైనవి ప్రపంచమంతటను 949 మొదలు 2,215 వరకే ఉండవచ్చును. మన నల్లమలలోను, కవ్వాల అడవిలోను ఇవి ఇంకను ఉన్నవి. విశాఖపట్టణపు జంతుప్రదర్శనశాలలో వీని సంతతిని పెంచే కేంద్రము కలదు.

నేడు దీని శత్రువు తుపాకి మాత్రమే కాదు. అడవులు తరిగి దుప్పులు కరవైనవి. ఊరకుక్కల నుండి పిచ్చికుక్క వ్యాధి, డిస్టెంపరు వంటి జాడ్యములు దీనికి సోకుతున్నవి. కనుక అడవి అంచున ఉన్న పల్లెలో కుక్కకు టీకా వేయించుట, ఊరిని కాపాడుటయే కాదు, అడవిలోని దాని దూరపు బంధువును కూడ కాపాడుట. మన తాతలనాటి తీర్పుకు మనము చెల్లించగల పరిహారము అక్కడనే మొదలుకావలెను.